పెట్టె నిండుగానే ఉంది

రేపల్లెలో బర్నబాస్ ఇల్లు. పొద్దున తొమ్మిదిన్నర. బర్నబాస్‌తో కలిసి పనిచేసే గోపీకృష్ణ బాపట్ల నుంచి వచ్చి వసారాలో కూర్చున్నాడు. బర్నబాస్ భార్య సారా కాఫీ తెచ్చింది.

"ఉద్యోగం ఊడినోడి ఇంటికి జిలేబీ తెచ్చావేంటి అన్నయ్యా?"

"ఊడలేదు చెల్లెమ్మా, పక్కన కూర్చోబెట్టారు, అంతే. తెనాలిలో బండి మారేటప్పుడు వేడిగా కనపడింది, కట్టించా. ఏరా బర్నబాస్, తినవేం?"

"తర్వాత."

"పన్నెండు రోజుల్నించీ ఇదే మాట అన్నయ్యా. అన్నం అంటే తర్వాత, స్నానం అంటే తర్వాత. ఒక స్క్రూడ్రైవరు పోతే మనిషిని ఇంటికి పంపుతారా? కొత్తది కొని మొహాన కొడితే పోలా?"

"కొంటే తీరేదైతే నేనే కొనిద్దును. విమానాల షెడ్డులో అట్లా కుదరదు చెల్లెమ్మా. పనిముట్ల పెట్టెలో ప్రతిదానికీ దాని ఆకారంలో గుంట ఉంటుంది. పనయ్యాక మూత తీసి చూపించాలి. ఒక్క గుంట ఖాళీగా ఉన్నా విమానం కదలదు."

"ఎందుకు కదలదు?"

"లోపల పడిపోయి ఉంటుందేమోనని."

"పడితే ఏమవుద్ది?"

"చెప్పరా మీ ఆవిడకి."

"పైలెట్టు పట్టుకునే చక్రం వెనక పడితే అడ్డం పడుద్ది. చక్రం తిరగదు. ముక్కు పైకి లేపలేడు."

"అయ్యో దేవా. పిల్లలు నేర్చుకునే విమానం కదండీ అది?"

"ఊఁ."

"ఊరికే బెదరగొడుతున్నాడు చెల్లెమ్మా. అందులో ఏం లేదు. రెండు రోజులు విప్పి చూశారు. ఒరేయ్, నేనొచ్చింది ఒక్క మాట చెప్పడానికి. ఇవాళ షెడ్డు నుంచి చలపతిరావు సార్ నీకు ఫోన్ చేస్తారు. స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుని ఇంటికొచ్చాను సార్, రైల్లో ఎక్కడో జారిపోయింది అను. అయిపోయింది. మెమో ఇచ్చి సోమవారం రమ్మంటారు."

"నేను జేబులో పెట్టుకోలా."

"పెట్టుకున్నా అనరా."

"పెట్టెలో పెట్టా. గుంటలో నొక్కి మరీ పెట్టా. మూత వెయ్యలా, అంతే."

"ఈయన ఇంట్లో తాళం చెవి మేక్కి లేకపోతే అన్నం ముట్టడు అన్నయ్యా. ఈయన జేబులో వేసుకొచ్చాడంటే నేనే నమ్మను, మీ సారేం నమ్ముతాడు?"

"నమ్ముతాడు చెల్లెమ్మా. నమ్మాలనే ఉంది ఆయనకీ. విమానం షెడ్డులో పడుంటే ఆయనకి మాత్రం బాగుంటుందా? అవును సార్ అంటే చాలు వీడు."

"అంటే విమానాన్ని గాల్లోకి వదిలేస్తారు."

"వదలనీరా."

"లోపలుంటే?"

"లేదంటున్నాగా!"

"నీకెట్లా తెలుసు?"

"వెతికాం కదరా."

"వెతికింది వెనక, తోకలో."

"ముందు కూడా చూశాం."

"ఎవరు?"

"నేనే. అందరూ వెళ్ళాక డ్యాష్‌బోర్డు కింద వెల్లకిలా పడుకుని, లైటు వేసి, అద్దం పెట్టి చూశా. ఒక రోజు కాదు, మూడు రోజులు చూశా. నడుం పట్టేసింది నీ కోసం."

"నా కోసం."

"మరెవరి కోసంరా?"

"ఆ రోజు నేను ముందుకి రాలా."

"ఏంటండీ మీరనేది? నాకర్థమయ్యేలా చెప్పండి."

"డ్యాష్‌బోర్డులోంచి పాత రేడియో విప్పింది వీడు. తోకలో కొత్త రేడియో పెట్టె బిగించింది నేను. కరెంటిచ్చి పరీక్ష చేసేటప్పుడు కూడా నేను వెనకే ఉన్నా. నా స్క్రూడ్రైవరు పడితే వెనకే పడాలి. అందుకే అందరూ వెనక వెతికారు. గోపీ, నువ్వు ముందెందుకు వెతికావు?"

"ఎందుకైనా మంచిదని."

"మూడు రోజులా?"

"కాఫీ చల్లారిపోయింది చెల్లెమ్మా, కొంచెం వేడి చేసి..."

"చల్లారనీ. ఆయన అడిగినదానికి చెప్పు."

"ఏం చెప్పమంటావమ్మా... ఏదో మనసాగక చూశా."

"ఆ రోజు నీ పెట్టె చూసి సంతకం పెట్టింది నేనే. నిండుగా ఉంది."

"నిండుగానే ఉంది."

"ఎవరిదాంతో నిండింది? ఒరేయ్. ఎవరిదాంతో?"

"నువ్వు చేతులు కడుక్కోడానికి వెళ్ళావు. నీ పెట్టె మూత తెరిచే ఉంది. నా గుంట ఖాళీ. సార్ వస్తున్నాడు. చెయ్యి దానంతట అదే..."

"దాని మీద నా నంబరుందిగా."

"తర్వాత గీకేశా. నాది చెక్కా."

"అంటే ఈయన్ది నువ్వు తీశావా అన్నయ్యా? తీసి, మొన్న ఫోన్లో, 'మీ ఆయన్ని ధైర్యంగా ఉండమను చెల్లెమ్మా' అన్నావు. ఈ నోటితోనేనా?"

"పోయినేడు నాకొక మెమో ఉంది. రెండోది పడితే లైసెన్సు పోద్ది. వీడికి ఒక్క మచ్చ లేదు, మొదటి తప్పని వదిలేస్తారనుకున్నా. ఇంత దూరం పోద్దనుకోలేదు చెల్లెమ్మా."

"మచ్చ లేనోడని ఏరుకుని మరీ పూశావన్నమాట. చెల్లెమ్మా అనబాక నన్నింక."

"సారా, ఉండు. అదంతా తర్వాత. గోపీ, నీది ఎక్కడ జారింది?"

"జారిందో లేదో..."

"ఎక్కడ?"

"చక్రం గొట్టం వెనక. చప్పుడు విన్నా. చెయ్యి పెట్టి తడిమా, అందలేదు. సార్ వస్తున్నాడని డ్యాష్‌బోర్డు పలక మూసి బిగించేశా."

"చప్పుడు విని బిగించావు."

"మూడు రోజులు వెతికాన్రా! కనపడితే తీసేసి ఊరుకుందామనే కదా. కనపడలా."

"కనపడకపోతే లేనట్టా? ఫోన్ తియ్యి. సార్‌కి చెయ్యి. ముందు పలక విప్పమను. నీ పేరు చెప్పొద్దులే. ముందు కూడా బర్నబాసే పని చేశాడు, అక్కడ జారవిడిచాడంట అను. నేను ఒప్పుకుంటా."

"మీకేమన్నా పిచ్చా అండీ?"

"నువ్వు ఊరుకో. ఆ పిల్లలెవరో, ఏ తల్లి బిడ్డలో. చెయ్యరా ఫోను."

"చేసి లాభం లేదురా."

"ఎందుకు లేదు? నేను అవునంటేగా వదిలేది. నేనింకా ఒక్క ముక్క రాసివ్వలా."

"ఇచ్చావు."

"ఏంటి?"

"నిన్న సాయంత్రమే ఇచ్చావు. రేపల్లె బండి ఆలస్యమైనప్పుడల్లా హాజరు పుస్తకంలో నీ సంతకం పెట్టింది నేనేగా. జేబులో పెట్టుకెళ్ళానని రాసిన కాగితం మీదా నీ సంతకం నేనే పెట్టా. విమానం పొద్దున ఎనిమిదింటికి లేచింది, లోపల ఇద్దరున్నారు. తొమ్మిదికల్లా దిగాలి, దిగంగానే మెసేజి పెట్టమని షెడ్డులో వాళ్ళకి చెప్పా... ఇంకా రాలేదురా."