రాజమణి మిషను

సిరిసిల్లలో దాతల సాయంతో నడిచే కుట్టు శిక్షణ కేంద్రం అది. రుద్రంగి నుంచి వచ్చిన పెద్దాయన ఒక మిషను ముందు వంగి, దాని నల్లటి ఒంటిని వేలితో తడుముతున్నాడు. కుట్టు నేర్పే టీచరు దగ్గరికి వచ్చింది.

“బిడ్డా, గీ మిషను నేనే ఇచ్చిన. మా ఇంటామె పోయినంక, ‘రాజమణి జ్ఞాపకార్థం’ అని తెల్ల రంగుతోని రాపిచ్చి మరీ ఇచ్చిన. ఏదీ పేరు?”

“అరిగిపోయింది బాపూ.”

“మూడేండ్లకేనా? గుడికి ఫ్యానిస్తే రెక్క మీద పేరు ఇరవై ఏండ్ల సంది అట్లనే ఉన్నది. గా మూలకున్న మిషను మీద సుత పేరు నిన్న రాసినట్టున్నది!”

“అది ఖరాబైంది బాపూ, దాని మీద ఎవ్వరు కూసోరు. దీని మీద నలభై మంది నేర్సుకున్నరు. బట్ట జరిపేటప్పుడు చెయ్యి గక్కడ్నే రాసుకుంటది. అండ్ల సగం మంది ఇప్పుడు బట్టల ఫ్యాక్టరీల పని చేస్తున్నరు. నేను సుత బీడీలు చేసుడు బందువెట్టి దీని మీదనే నేర్సిన.”

“నువ్వు సుతనా?”

“అవ్ బాపూ. రేపు పెయింటర్‌ను పిలిచి మల్ల రాపిస్త, ఫికర్ చెయ్యకు.”

అంతలో గుమ్మం దగ్గర నుంచి ఒక అమ్మాయి కేక వేసింది.

“మేడం, ఇయ్యాల రాజమణి మిషను నాకియ్యరా?”

“గా పిల్ల దీని మీది పేరు సదివిందా బిడ్డా?”

“లేదు బాపూ. మొన్ననే చేరింది. అప్పటికే పేరు పోయింది. అందరు అంటుంటే ఆమె సుత అంటున్నది.”

పెద్దాయన మిషను చక్రాన్ని ఒకసారి తిప్పి చూశాడు.

“పెయింటర్ వద్దు తియ్యి. నూనె డబ్బా ఎక్కడున్నదో చెప్పు.”