ఎర్ర చుక్క పెట్టిన నట్టు

ఆధార్ కార్డు చూపెడితి, దుకాణం కార్డు చూపెడితి, ఇంకేం చూపెట్టాలె తమ్మీ? సంచి మొత్తం టేబుల్ మీద కుమ్మరించినవ్. రెండు పానాలు, ఒక కటింగ్ ప్లేయరు, నూనె గుడ్డ. బాంబున్నదా అండ్ల? లేదు గద! ఐదు నిమిషాలు గేటు లోపలికి ఇడిస్తె నీ సొమ్మేం పోతది?

సరె సరె, గుస్స కాకు. నీ నౌకరి నువ్వు చేస్తున్నవ్, నాకెరుకే. నోరు ఎండుకపోయి ఏదేదో అంటున్న. జర ఆ బాటిల్ ఇటియ్యి. సగం నీళ్లు అంగి మీదనే పోసుకున్న.

నీ పేరేంది? మునిస్వామా? నన్ను లింగమూర్తి అంటరు, కార్డు మీద చూసినవ్ గద. మదీనాగూడల మెకానిక్‌ని. ఇప్పటి బండ్లు నేను ముట్టుకోను. డెబ్బైల, ఎనభైల వచ్చిన జపాన్ బండ్లు ఉంటయ్ చూడు, గవే బాగుచేస్త. ముప్పై ఏండ్ల సంది అదే పని.

ఇగ విను. మీ ఆఫీసు కింద పార్కింగుల ఒక నీలం బండున్నది. గుండ్రటి లైటు, రెండు సైలెన్సర్లు. పొద్దుగాల వచ్చింది. దాని చప్పుడుకు నువ్వు కూడ తిరిగి చూసే ఉంటవ్. చూసినవా? ఆఁ, గదే! లోపలనే ఉన్నదా? పక్కానా? ఎటూ పోలే గద? హమ్మయ్య.

దాని ముందు చక్రం నట్టు బిగియలే తమ్మీ.

అవును, ముందు చక్రమే. ఇరుసుకు ఉండే నట్టు. చేతితోటి తిప్పి ఇడిసిపెట్టిన, అంతే. పానా పెట్టలే. పొద్దుగాల మదీనాగూడ నుంచి ఈడిదాక ఎట్ల వచ్చిండో ఆ పిలగాడు, దేవునికే ఎరుక.

టైమెంతయింది? నాలుగు ముప్పై ఐదా! ఐదింటికి బయల్దేరుతడు తమ్మీ. పుప్పాలగూడ పోయి బిడ్డను బడి కాడ ఎక్కించుకుంటడు. కెజియా దాని పేరు, పదేండ్ల పిల్ల. ఈ బండి మీద మొదటి రౌండు నాదే అని వారం సంది నాయిన పానం తీస్తున్నది. తండ్రీ బిడ్డలు ఇద్దరు. ఆ దారిల ఫ్లైఓవర్ మీద బ్రేకు కొట్టిండనుకో...

వద్దు. నేను ఆ మాట అనలేను.

ఈడనే నిలబడి ఆపుత అంటె వెనక ఇంకో గేటున్నదంటివి. ఏ గేటు నుంచి పోతడో నాకేం ఎరుక? అందుకే లోపలికి పోనియ్యమంటున్న. నువ్వు కూడ రా నా ఎంబడి. పానా పెడ్త, బిగిస్త, పిన్ను గుచ్చుత, వస్త. రెండు నిమిషాల పని.

ఏమంటున్నవ్? బండి ఓనర్‌ను పిలుస్తవా? ఆగు, ఆగు. ఆ ఫోన్ కింద పెట్టు జర. ఆయన మీటింగుల ఉంటడు. పెద్ద నౌకరి ఆయనది. నట్టు కోసం పిలిస్తె బాగుంటదా?

నా దిక్కు గట్ల చూడకు. దొంగ లెక్క కనిపిస్తున్ననా? కనిపిస్తనే ఉంట. ఓనర్‌ను పిలవొద్దు, బండి కాడికి పోనియ్యి అంటె ఎవరైన అదే అనుకుంటరు. నీ జాగల నేనున్నా అదే అనుకుందు.

సరె, మొత్తం చెప్త. నతానియేల్ అని, మంచి పిలగాడు. ఎంత చదివిన గర్వం లేదు, అండి అనకుండ మాట తియ్యడు. ఏడాదిన్నర కింద ఒక మూటల కట్టుకొచ్చిండు ఈ బండిని. మూట అంటె మూటే! ఇంజను ఒక తాన, ట్యాంకు ఒక తాన. దీని సామాను ఇప్పుడు ఏడ దొరుకుతది? కంపెనీ చేసుడు బంద్ పెట్టి నలభై ఏండ్లాయె. అందుకే ఒక బండిది తీసి ఇంకో బండికి కలుపుకుంట పోవాలె. ఒకటి సరిపోతది, పది సరిపోవు. నా పనంత అదే, ఏది దేనికి కలుస్తదో ఎతుకుడు.

ఇరుసు నట్టు సంగతే చూడు. అసలు నట్టు అంచులు ఎవడో ఉలి పెట్టి కొట్టి గుండుగ చేసిండు. పానా పట్టది. మూడు నెలలు ఎతికిన. పాత సామానోళ్ల దగ్గర డబ్బాలకు డబ్బాలు కుమ్మరించిన. ఆఖరికి ఏడ దొరికిందో తెలుసా? నా షెడ్డు ఎనకాల పడున్న పాత బండికి. అది కూడ జపాన్‌దే, వేరే బండి. ఎప్పుడో నేనే బాగుచేసి ఇచ్చిన. గుద్దుకొని తుక్కయి మల్ల నా దగ్గరికే వచ్చింది. దాని నట్టు ఇప్పి దీనికి తిప్పి చూసిన. ఆహా, ఎంత మంచిగ ఎక్కిందనుకున్నవ్! పిచ్చోని లెక్క ఒక్కన్నే నవ్వుకున్న.

గదే నన్ను ముంచింది.

నాకొక అలవాటున్నది. ఏ నట్టయినా పూర్తిగ బిగిచ్చినంక దాని మీద ఎర్ర చుక్క పెడ్త. మా ఇంటామె గోళ్ల రంగు సీసా దుకాణంలనే ఉంటది. బండి ఇచ్చే ముందు బ్యాటరీ లైటు పట్టుకొని చుట్టు తిరుగుత. చుక్క ఉన్నదంటె బిగిచ్చినట్టు. లేదంటె బండి గడప దాటది. ఈ ముప్పై ఏండ్లల ఒక్కసారి తప్పలే.

మరి ఈ నట్టు నేను ఇప్పిన బండి ఎవరు బాగుచేసింది? నేనే. దాని మీద చుక్క పెట్టింది ఎవరు? నేనే!

తెలిసిందా? పాత చుక్క తమ్మీ అది. పాత బండికి పెట్టిన చుక్క. నిన్న సరిపోతదో లేదో అని చేతితోటి తిప్పి ఇడిసిన. పొద్దుగాల లైటేసి చూస్తె ఎర్రగ మెరిసింది. శభాష్ లింగమూర్తీ అనుకున్న, తాళం చేతుల పెట్టిన.

పదకొండింటికి ట్రే కడుగుతున్న. కిరసనాయిల్ల ఒక పిన్ను తేలింది. కొత్తది, ఒంగనే లేదు. నట్టు ఊడకుండ అడ్డం గుచ్చే పిన్ను. ఇదేందిర ఈడున్నదనుకున్న. ఇగ చూడు, ట్రే అట్లనే ఇడిసిపెట్టిన. ఎన్ని తీర్ల ఆలోచన చేసినా ఆ పిన్ను ఉండాల్సిన జాగ ఒక్కటే.

నాకు భయమైతున్నది తమ్మీ. నిజంగ భయమైతున్నది. నా పెండ్లాం దవాఖానల పడ్డప్పుడు కూడ గింత భయపడలే. అప్పుడు డాక్టర్లున్నరు. ఇది నా చేతులార చేసింది.

ఏమన్నవ్? పదకొండింటికి తెలిస్తె ఇంతసేపు ఏం చేసినవ్ అంటవా?

లింగంపల్లి దిక్కు ట్రాఫిక్ ఆగింది. ఆటో దొరకలే...

లేదు. అబద్ధం. ఆటో దొరికింది.

ఫోన్ చేసిన ఆయనకు. అవును, చేసిన! పన్నెండింటికి. ఎత్తిండు కూడ. మొదటి రింగుకే ఎత్తిండు. "లింగమూర్తి గారూ, బండి వెన్నలా పోతోందండి! మా ఆఫీసోళ్లంతా కిందికొచ్చి చూశారండి!" అన్నడు. పాత బండ్లోళ్ల గ్రూపు ఒకటున్నది ఫోన్ల, నాలుగు వందల మంది. అండ్ల ఫోటో పెట్టిండంట, కింద నా పేరు రాసిండంట. లింగన్న చెయ్యి పడితె అట్లనే ఉంటది అని ఒకటే పొగుడుతున్నరంట. ఆయనే చదివి వినిపిస్తున్నడు, ఒక్కొక్కటి.

నా నోట్లె మాట ఉన్నది. నట్టు బిగియలే బిడ్డా, బండి ముట్టుకోకు. ఎన్ని మాటలయ్య అవి? ఐదు మాటలు. రాలే. సంతోషం బిడ్డా, మెల్లగ నడుపు అన్న. ఫోన్ పెట్టేసిన.

మెల్లగ నడుపు అంట!

అప్పటి సంది దుకాణంల అటు ఇటు తిరిగిన. మల్ల ఫోన్ చేద్దామంటె వేలు నంబరు మీదికి పోదు. అప్పుడనిపించింది, ఆయనకు తెల్వకుండ పోయి బిగిచ్చి వస్త. ఎవరికీ తెల్వది. గ్రూపుల పేరు గట్లనే ఉంటది. అందుకే వచ్చిన. ఆ పసిపిల్లను కాపాడనీకె వచ్చిన అనుకున్నవా? నా పేరు కాపాడుకోనీకె వచ్చిన. అదీ అసలు సంగతి. థూ.

చెయ్యి. ఫోన్ చెయ్యి ఇగ. నతానియేల్ అని చెప్పు. ఎన్నో అంతస్తో నాకు తెల్వది, నీలం బండాయన అంటె వాళ్లే చెప్తరు. జల్దిగ చెయ్యి, పావు తక్కువ ఐదైతున్నది.

ఏమన్నరు? సీట్లనే ఉన్నడా? ఇంక దిగలేదా? దేవుడా, దేవుడా... ఈడికే రమ్మను, బండి కాడికి పోవద్దని చెప్పు. గట్టిగ చెప్పు. చెప్పినవా? వస్తున్నడా?

నవ్విండా? లింగమూర్తి గారు వచ్చారా అని సంతోషపడ్డడా?

ఏ, ఎటు పోతున్నవ్? గేటు కాడ ఆగిన ఆ కారును ఇంకో ఆయన చూసుకుంటడు తియ్యి. నువ్వు పోకు తమ్మీ, నీకు దండం పెడ్త. ఈడనే, నా పక్కన నిలబడు. ఆయన నవ్వుకుంట వచ్చి నా చెయ్యి పట్టుకున్నడనుకో, ఊరికెనే బండి చూసిపోదామని వచ్చిన అంట నేను. తప్పక అంట. నన్ను నేను ఎరుగనా? నువ్వు ఎదురుంగ ఉంటెనే నా నోట్లకెంచి నిజం వస్తది.