మూడు మూలల పట్టా

ఇద్దరు కావాలంటే నేనెక్కణ్ణించి తెచ్చేది సార్? పాస్‌పోర్టుకని ఆధార్ అడిగారు, ఇచ్చాను. కరెంటు బిల్లు అడిగారు, ఇచ్చాను. ఆఖరికి పదో తరగతి తప్పిన కాయితం కూడా ట్రంకుపెట్టె అడుగు నుంచి తీసిచ్చాను. ఇప్పుడేమో 'యలమందయ్య మాకు తెలుసు, మంచోడే' అని ఇరుగుపొరుగు ఇద్దరు సంతకం పెట్టాలంటిరి. నిన్న మీరు ఫోన్‌లో ఆ మాట చెప్పిన దగ్గర్నుంచి అన్నం సయించలా. ఈ వీధిలో పుట్టి అరవై ఏళ్ళండీ. నేనున్నానని చెప్పడానికి నేను చాలనా?

కూర్చోండి, కూర్చోండి. ఆ కుర్చీ కాదు, దాని కాలు ఊగుద్ది. ఇట్టా మంచం మీద. సంజీవరావు గారు కదూ, చొక్కా మీద పేరుంది. నల్లపాడు స్టేషన్ నుంచి ఈ ఎండలో బండి మీదొచ్చారు, మొహం కందిపోయింది. మజ్జిగ తాగండి. ఫైలు తర్వాత తీద్దురుగాని.

ఏందీ, గల్ఫా? అయ్యో, కాదండీ. ఈ వయసులో నన్ను పనికెవరు రమ్మంటారు? షికారుకి. నవ్వండి, పర్లేదు. పాస్‌పోర్టు ఆఫీసులో కంప్యూటర్ ముందున్న అమ్మాయీ నవ్వింది. గ్రీసు అని ఒక దేశం ఉంది సార్. అక్కడ సముద్రంలో తెరచాప పడవ మీద వారం రోజులు తిరగడం. ఇంజనుంటది, కానీ రేవులోకి వచ్చేటప్పుడే. మిగతాదంతా గాలే.

నాకెందుకీ పిచ్చంటే, అదిగో, ఆ గోడ మీద చూడండి. మిరపకాయల కమీషన్ కొట్టువాళ్ళు ఇచ్చిన క్యాలెండర్. పన్నెండేళ్ళ కిందటిది. తేదీలన్నీ చింపేసి మా వెంకటరావమ్మ బొమ్మ మాత్రం ఉంచింది. నీలం నీళ్ళు, తెల్ల పడవ. మా ఆవిడండీ, వెంకటరావమ్మంటే.

నా పని పట్టాలు కుట్టడం. కల్లాల్లో మిరపకాయలు ఆరబోస్తారు గదా, వానొస్తే కప్పే పట్టాలు. అంచు మడిచి, లోపల తాడు పెట్టి, రెండు వరసల కుట్టేస్తాను. మూలమూలకీ ఇత్తడి రింగు. గుంటూరు చుట్టుపక్కల నా పట్టా గాలికి చిరిగిందన్నవాడు లేడు. నేను మిషను తొక్కుతుంటే ఆవిడ అంచు పట్టుకునేది.

ఒకసారి కొత్త పట్టా ఆరేద్దామని ఇద్దరం ఎదురు కల్లంలో చెరో కొసా పట్టుకున్నాం. గాలొచ్చింది చూడండీ! పట్టా ఉబ్బి, మా ఆవిణ్ణి జానెడెత్తు లేపేసింది. మామూలు మనిషి కాదు, నాకంటే బరువు! వదిలెయ్యవే అని నేను అరుస్తుంటే, వదల్లా. నవ్వు. కళ్ళమ్మట నీళ్ళొచ్చేదాకా నవ్వింది. కిందపడి, మోచెయ్యి గీరుకుపోయి, 'ఏమయ్యా, ఆ క్యాలెండర్ పడవలో పోతే ఇట్టానే ఉంటదా?' అంది. అంతే సార్. అప్పట్నుంచి అదే మాట మా ఇంట్లో. అన్నాలు తినేటప్పుడు, మిషను కాడ కూర్చున్నప్పుడు. ఏ చీరలు కట్టుకోవాలి, గాలికి కుచ్చెళ్ళు నిలుస్తాయా, చుడీదారేసుకుంటే ఊళ్ళో తెలుస్తదా. ఆవకాయ జాడీ తీసుకుపోనిస్తారా లేదా అని ఒక పూటంతా పోట్లాడుకున్నాం మేము.

పైన వేలాడేది ఏందని చూస్తున్నారా? చాప. పడవ చాప. పట్టా ముక్కలతో కుట్టాను, ఫోన్‌లో చూసి నేర్చుకుని. నాలుగు మూలలు కుట్టిన చేతికి మూడు మూలలు రావడానికి ఎంత తిప్పలయిందనీ! ముళ్ళు కూడా వచ్చు. ఇదిగో, ఈ ముడి ఎంత లాగినా బిగుస్తది గానీ, విప్పాలంటే ఒక్క వేలు చాలు. లాగండి. లాగండీ, మీరు పోలీసు, భయమెందుకు?

మార్క్ అని ఒకాయన, ఆ పడవల కంపెనీ ఆయన, నాతో వాట్సాప్‌లో మాట్లాడతాడు. నేను తెలుగులో చెప్తే ఫోనే ఇంగ్లీషు చేసి పంపుద్ది. ఎంతమంది వస్తారన్నాడు. ఇద్దరం అని కొట్టాను. చేతికి అదే వచ్చేసింది సార్, ఏం చెయ్యను? రెండ్రోజులాగి, కాదు ఒక్కణ్ణే అని పంపాను. ఎందుకని అడగలా. ఒక్కడొచ్చినా పర్లేదు, ఇంకో ఏడుగురితో కలిపి సెప్టెంబర్లో పంపిస్తామన్నాడు. అయితే ఊరికే కూర్చోడానికి లేదంట. కెప్టెన్ కేకేస్తే ఎవరి తాడు వాళ్ళు ఠక్కున పట్టుకోవాలంట. ఒక్కడు లేవకపోయినా పడవ పక్కకి ఒరిగిద్దంట. అది విన్నాక ఇంక నేను పోయి తీరాలనుకున్నా. ఏదో నాకు అట్టా అనిపించింది లెండి.

పొద్దున లేస్తే నాతో మాట్లాడేది ఆయనొక్కడే. గుడ్ మార్నింగ్ మై ఫ్రెండ్ అంటాడు. అవతల ఉన్నది మనిషో, మిషనో నాకు తెలియదు. అడగలేదు కూడా.

ఉండండి, ఎక్కడికి లేస్తున్నారు? ఎదురింటికా? అక్కడికొద్దు సార్. మీకు దణ్ణం పెడతాను. ఆ కల్లంలో కాయలు తిరగేస్తున్నాయన అంకయ్య. ఆయన నా గురించి సంతకం పెట్టడు. పెట్టకపోవడమే న్యాయం. పోయినేడు జరిగింది మీకు తెలియదు.

పోయినేడు మార్చి నెల. మధ్యాహ్నం ఉన్నట్టుండి మబ్బేసింది. అంకయ్య పంటంతా ఆ కల్లంలోనే ఉంది, ఎర్రగా, కళ్ళు చెదిరేట్టు. మా దగ్గర ఒక పద్ధతుంది సార్. మబ్బేసి, పట్టా అని కేక వినబడితే తిండి ముందున్నోడు తిండి వదిలేసి పరిగెత్తాలి. పగోడి కల్లమైనా సరే. పట్టాకి నాలుగు మూలలు, నలుగురు పడితేగాని గాలికి నిలవదు. ఆ రోజు అంకయ్యా, ఆయన భార్యా, పక్కింటి జయరావూ, ముగ్గురే ఉన్నారు. నాలుగో మూల నేను పట్టాలి. నేను బయట అరుగు మీద, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని తాళ్ళు కట్టే వీడియో చూస్తున్నా. వినబడలా. కాయ మొత్తం తడిసి, రంగు పోయి, కొనేవాడు లేని తెల్లతాలైపోయింది.

వినబడలేదని అందరికీ చెప్పాను. ఒక్కడు కూడా మాటనలేదు సార్! నాలుగు తిట్టినా బాగుండేది. తలకాయ వంచుకుని పోవడం, అంతే. పట్టాలు పట్నంలో కొనుక్కుంటున్నారు. ఈ మిషను మీద దుమ్ము చూశారుగా.

అంతకుముందా? అంతకుముందు అంకయ్య నాకు చుట్టం కాకపోయినా చుట్టమే. నా పెళ్ళైన దగ్గర్నుంచీ బావా అనేవాడు. మా ఆవిడ చెల్లెలి వరస అని ఆయనకాయనే కలుపుకున్నాడు. భోజనానికి కూర్చుంటే, మా చెల్లెలి చేతి పచ్చడేదీ అని వచ్చి కూర్చునేవాడు.

ఆ పిలుపు కరోనాలో పోయింది.

రెండో కరోనా, మే నెల. మా ఆవిడ ఈ గదిలోనే, ఈ మంచం మీదే. తెల్లారి ఆరింటికి. నేను వీధిలోకొచ్చి పిలిచాను. తలుపులు పడ్డాయి. జయరావు కిటికీలోంచి చేతులు జోడించాడు. అంకయ్య గుమ్మం దాకా వచ్చాడు, ఆగాడు, లోపలికి పోయాడు. తప్పనను సార్. పిల్లలున్నారు, ప్రాణభయం. నేనైనా అంతేనేమో.

పంచాయతీ ట్రాక్టరొచ్చింది. ప్లాస్టిక్ బట్టల్లో ఇద్దరు దిగారు. పట్టా ఏదన్నా ఉందా పెద్దాయనా అన్నారు. నా దగ్గర లేకపోవడమేంది? కొత్తది తెచ్చాను, రింగులేసినది. వాళ్ళిద్దరూ రెండు మూలలు పట్టారు, నేనొక మూల. నాలుగో మూల పట్టేవాడు లేడు. అది ట్రాక్టరు దాకా నేల మీద ఈడ్చుకుంటూ పోయింది. నేను కుట్టిన ఇత్తడి రింగు, రాళ్ళ మీద టకటకమని. ఆ చప్పుడు... పోనీండి.

అప్పట్నుంచి అంకయ్య నన్ను బావా అనలా. మొహం చెల్లలేదు పాపం. యలమందయ్యా అనేవాడు, పేరు పెట్టి.

కాబట్టి రాసుకోండి సార్. ఈ మనిషి తెలుసన్నవాళ్ళు ఎవరూ లేరని రాసుకోండి. గ్రీసు ఎక్కడికీ పోదు. మార్క్‌కి నేనే చెప్పుకుంటా.

ఏందీ? మళ్ళీ చెప్పండి.

ఇక్కడికి రాకముందే పెట్టించుకొచ్చారా? ఎవరి చేత? ఏదీ, ఇట్టా చూపించండి... కళ్ళజోడు... ఇది అంకయ్య సంతకమే. తోక అట్టా పైకి లాగుతాడు. జయరావు చేత కూడా ఆయనే దగ్గరుండి పెట్టించాడా? మరి మొదటే చెప్పొచ్చుగా సార్! నేను చెప్పనిస్తేనా అంటారా? అదీ నిజమేలెండి. ఈ ఇంటికొచ్చి మనిషి కూర్చుని సంవత్సరమైంది.

ఇంకేమన్నాడు? ఉన్నదున్నట్టు చెప్పండి.

'బంగారం లాంటి మనిషి, పోయినేడు వాన రోజు చెవుల్లో అవేవో ఉండి వినపళ్ళేదు, లేకపోతే ముందుగా పరిగెత్తుకొచ్చేది ఆయనే' అన్నాడా? 'వినపడని దానికి మనిషినేమనగలం, మేమే మాట్లాడ్డానికి మొహం లేక తిరుగుతున్నాం' అన్నాడా?

నీళ్ళు... ఆ చెంబిట్టా ఇవ్వండి.

సార్, ఆ కాయితం ఫైల్లో పెట్టకండి. కాసేపు బయటే ఉంచండి. నేను పోలీసుకి చెప్తున్నాననుకోవడం లేదు, మనిషికి చెప్తున్నా. ఆ సంతకం వేరేవాడికి పెట్టాడు అంకయ్య. నాకు కాదు.

ఇయర్‌ఫోన్లు చెవుల్లో ఉన్నమాట నిజం. వీడియో అయిపోయింది. ఏమీ మోగట్లా. మబ్బూ చూశాను, గాలీ చూశాను. పట్టా నాలుగో మూల లేచి కొట్టుకుంటంటే, ఆ రింగు రాళ్ళ మీద టకటకమంటది, అదీ వింటా కూర్చున్నా. కొట్టుకోనీ అనుకున్నా. మీకూ తెలియాలి అనుకున్నా.

ఇప్పుడు మీరా కాయితం ఉంచుతారో చింపుతారో మీ ఇష్టం. కానీ ఆయన పిలిచాడు సార్. మూడుసార్లు పిలిచాడు. రెండుసార్లు యలమందయ్యా అన్నాడు.

మూడోసారి బావా అన్నాడు. అప్పుడు కూడా లేవలా.