ఆరంతస్తుల హోటల్లో తొమ్మిదో అంతస్తు

హోటల్ వెనక గేటు దగ్గరి టీ కొట్టులో లిఫ్టు మెకానిక్ నోరు తెరిచాడంటే చేతుల్లో టీలు చల్లారిపోవాల్సిందే. ఆ మంగళవారం ఆయన ఎత్తుకున్నది స్పానిష్ కండిషనల్. అదే, 'వీలుంటే తినేవాణ్ని, పిలిస్తే వచ్చేవాణ్ని' అని చెప్పుకునే పద్ధతి. స్పెయిన్ నుంచి వచ్చే అతిథుల కోసమని సిబ్బందికి దుప్పట్ల గదిలో రోజూ మూడింటికి క్లాసు పెట్టారు. శనివారం పరీక్ష. గట్టెక్కినవాళ్లు పై క్లాసుకి పోతారు. రిసెప్షన్లో పనిచేసే ఆయన భార్య గట్టెక్కడం ఖాయం. ఆవిడ పక్కనే కూర్చునే కేకుల మాస్టారూ ఖాయం. మెకానిక్ కడుపుమంటంతా అక్కడే.

"దాందేముందోయ్! ఇంటి దగ్గర స్కూటర్ స్టార్ట్ చేశానా, ఇక్కడ స్టాండ్ వేసేసరికి వచ్చేసింది. మాట చివర 'ఈయా' తగిలించడమే. కొమెర్ అంటే తినడం, కొమెరీయా అంటే తినేవాణ్ని. అయిపోయింది!"

"దారికి రాని మాటలు కొన్నుంటాయటగా, అన్నా?" అన్నాడు హోటల్ డ్రైవరు.

"పన్నెండున్నాయి. వరసలో నిలబెట్టి ఒక్క చూపు చూశాను, దెబ్బకి అన్నీ చక్కబడ్డాయి. టీచరమ్మ పరిగెత్తుకొచ్చి, 'నాయనా, వాటిని మళ్లీ వంచెయ్, లేకపోతే నా పుస్తకాలన్నీ తప్పయిపోతాయి' అని ఒకటే బతిమాలడం."

అంతలో చొక్కా చేతులకి పిండితో కేకుల మాస్టారు వచ్చి బెంచీ చివర కూర్చున్నాడు. మెకానిక్ గొంతు లేచింది.

"అసలు సంగతి వినండి. మొన్న లిఫ్టు నాలుక్కీ అయిదుకీ మధ్య ఆగిపోయింది. లోపల పద్దెనిమిది మంది స్పానిష్ వాళ్లు."

"పట్టేది ఎనిమిది మందే కదా?"

"అందుకేగా ఆగింది! వాళ్ల మధ్య కేకులు చేసే ఆయనొకడు, పేరెందుకులే, ఇరుక్కుని అమ్మా అమ్మా అని ఏడుస్తున్నాడు. నేను పైనుంచి తల పెట్టి, 'కరెంటుంటే మిమ్మల్ని లేపేవాణ్ని' అని ఒక్క కండిషనల్ వదిలాను. లిఫ్టుకే సిగ్గేసి, కరెంటు లేకుండా దానంతటదే లేచింది. అయిదు దాటింది, ఆరు దాటింది, తొమ్మిదిలో ఆగింది."

"మన హోటలుకున్నవి ఆరేగా?" అన్నాడు టీ కొట్టాయన.

"పై మూడూ నా మాట మీదే నిలబడ్డాయి మరి! ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ కిటికీలోంచి స్పెయిన్ కనబడింది. అక్కడి పెద్దలంతా ఒడ్డుకొచ్చి, 'అయ్యా, మా కండిషనల్ వాడి వాడి అరిగిపోయింది, కాస్త గ్రీజు పెట్టి వెళ్లండి' అని కేకలు. మా ఆవిడ కిందనుంచి 'మా ఆయనే, మా ఆయనే' అని అందరికీ చూపిస్తోంది. ఇంకెవరి వంకా కన్నెత్తి చూడలేదు, చెప్తున్నా!"

ఆ చివరి మాట కేకుల మాస్టారి వైపు తిరిగి మరీ అన్నాడు. నిన్న క్లాసులో టీచరమ్మ, 'రోజూ ఒక గంట ఖాళీ దొరికితే ఏం చేసేవారు?' అనడిగితే, మెకానిక్ భార్య లేచి స్పానిష్‌లో గడగడా చెప్పింది. గదంతా నవ్వింది. కేకుల మాస్టారయితే కళ్లు తుడుచుకుని మరీ నవ్వాడు. మెకానిక్‌కి ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. అది బయటపడకూడదని అందరికంటే గట్టిగా తలాడించి చప్పట్లు కొట్టాడు. ఆ గంట ఆవిడ ఎవరితో గడిపేదో అన్న అనుమానం అప్పట్నుంచీ ఆయన్ని తినేస్తోంది.

కేకుల మాస్టారు నెమ్మదిగా అడిగాడు. "అంత వచ్చినవారు, నిన్న మీ ఆవిడ ఏమందో చెప్పండి మరి."

"అది... మొగుడూ పెళ్లాల మధ్య మాట."

"'ఆ గంట మా ఆయనకి పాఠం చెప్పేదాన్ని, తనకి రాదని ఒక్కసారి ఒప్పుకుంటే' అంది. మేం నవ్వింది దానిక్కాదు మెకానిక్ గారూ. మీరు అవునవునని తలాడించారు చూడండి, అందుకు."

డ్రైవరుకి టీ ముక్కులోకి పోయింది. మెకానిక్ గ్లాసు పెట్టేసి, ఎవరి మొహమూ చూడకుండా నేరుగా రిసెప్షన్‌కి నడిచాడు.

"నాకది రాదు," అన్నాడు.

ఆవిడ రిజిస్టరు మూసి పక్కకి కుర్చీ లాగింది. "పరీక్షకింకా నాలుగు రోజులున్నాయి. కూర్చోండి."

కూర్చున్నాడు. ఉండబట్టలేక అడిగాడు. "ఆ కేకులాయనకి మాత్రం అంత బాగా ఎలా వచ్చిందే?"

"అర్థం కానప్పుడల్లా అడుగుతాడు," అంది ఆవిడ.