టెంక ఇరుక్కునిందనుకుంటిమి

ఏం మే కోమలీ, తిరపతిలో పశువుల డాక్టరు సదువంటివే, ఆవు నోట్లో చెయ్యి పెట్టేటప్పుడు గ్లౌజు ఏసుకుంటావా లేదా? నవ్వబాకు. నిన్ను సూస్తే మా ఊరి పశువుల డాక్టరు రాజారత్నం సారే గుర్తొస్తాడు. మనిషి పొట్టి, గొంతు పెద్దది. కాఫీ ఇస్తే లోటా నిండా పొయ్యమనేవోడు. అదట్లుండనీ. అప్పుడు మామిడికాయల కాలం. మన ఎర్రావు పొద్దున్నించి మేత ముట్టలా, సొల్లు తీగలు తీగలుగా కారస్తా ఉండాది. ఆ కాలంలో సొల్లు కారిందంటే ఇంకేముంది, రాలిన కాయ మింగింది, టెంక గొంతులో ఇరుక్కునింది, అంతే. మీ అవ్వ సుబ్బులమ్మది సన్నచెయ్యి. ఊర్లో యా ఆవుకు టెంక ఇరుక్కున్నా ఆమెనే పిలిచేవోళ్లు. గాజులు తీసి మోచేతి దాకా దూర్చింది. ఆవు పండ్లు గీరుకొని చేతి తోలు లేసింది గానీ, టెంకా లేదు గింకా లేదు.

నేను పోయి సారును పిల్చకొస్తి. వాకిట్లోనే నిలబడిపోయినాడు. 'ఎవురూ ముట్టుకోబాకండి! టెంకైతే కడుపు ఉబ్బాల గదప్పా. సూడు, ఎనక కాళ్లు తూలతా ఉండాయి, అరుపు బొంగురు పోయింది. కుక్క గిన్నా కరిసిందా?' అనె. నెల ముందర మూతి మీద కరిసిండె. పసుపు పూసి మర్సిపోతిమి. 'పిచ్చికుక్క రోగమప్పా, మెదడుకెక్కేసింది, ఇంక మందు లేదు. చెయ్యి పెట్టిందెవురు?' అని, ఆవును ఇడిసిపెట్టి మీ అవ్వ చేతిని తొట్టి కాడ పావుగంట సబ్బు పెట్టి కడిగించినాడు. నాకు మండిపోయింది. 'ఆవు సస్తా ఉంటే ఆడమనిషి చెయ్యి కడిగిస్తావా' అంటి. అనరాని మాటలే అంటి మే.

మూడోనాడు ఆవు పాయె. అప్పుట్లో బొడ్డు సుట్టూ పద్నాలుగు సూదులు, చిత్తూరు పెద్దాస్పత్రిలో. నాలుగు ఏయించుకొని మీ అవ్వ 'నాకేమైంది, నేను రాను' అని పడుకునేసింది. సారు దినామూ పొద్దున్నే స్కూటరేసుకోని వచ్చి, 'లెయ్యి తల్లీ, రోగం పైకొచ్చినాక ఏ డాక్టరూ ఏం చెయ్యలేడు' అని బతిమాలి బస్సెక్కించేవోడు. నేనేమో ఆవును సంపినోడని ఊరంతా చెప్పుకోని తిరిగితి. ఆ? అవును, తప్పే. పదకొండో సూది కాడ ఆయన్ను శ్రీకాళహస్తికి మార్చేసిరి. మిగిలిన మూడూ నేనే తిట్టుకుంటా ఏయించినాను.

కొన్నేండ్లకు పక్కూరి పరంధామయ్య ఇట్లే టెంకనుకోని చెయ్యి పెట్టినాడు. సూదులు ఏయించుకోలా. రెండు నెల్లకు గుక్కెడు నీళ్లు సూస్తే వణికిపోతా సచ్చిపోయినాడు. అది కండ్లారా సూసి, మర్నాడే కాళహస్తికి పోతి, సారు కాళ్లు పట్టుకుందామని. ఆయన పోయి పదకొండు దినాలంట. వాళ్లింటామె ఎస్తేరమ్మ నన్ను కూసోబెట్టి, 'సుబ్బులమ్మ వాళ్లాయనా నువ్వు? ఆ మూడు సూదులూ ఏయించుకునిందో లేదో అని సివరిదాకా అంటానే ఉండె. మీకు జాబు రాద్దామని కూసునేవోడు. ఏం జవాబొస్తాదో అని భయపడి రాసేవోడు కాదు' అనె.

ఒక్క కార్డు ముక్క రాసింటే సాలు మే. సుబ్బులమ్మ బాగుండాది సారూ అని...

పో, పో. ఆ కుడితి తొట్టి యాడ పెట్టినారో సూడు.