పెనెలోపీ అంటే బాతట!

ఈ నా వీడ్కోలు సభలో అధ్యక్షస్థానంలో నవ్వు ఆపుకుంటూ కూర్చున్న మేనేజరుగారికి, నాకీ పేరు తగిలించిన కటింగు మాస్టారికి, అక్కచెల్లెళ్ళకి, కుర్చీలు చాలక మిషన్లెక్కి కూర్చున్న తమ్ముళ్ళకి నమస్కారం. తమ్ముళ్ళూ, సూదులు చూసుకోండి. (నవ్వులు)

మన గుడారాల కార్ఖానాలో చేరిన కొత్తలో, ఎవరిది వంకర కుట్టు కనబడినా విప్పేసేదాన్ని. వానొస్తే తడిసేది కొన్నవాళ్ళు కదా! అది చూసి మాస్టారు, "వచ్చిందమ్మా మన పెనెలోపీ" అన్నారు. తిట్టనుకుని ఆయనతో మాట్లాడ్డం మానేశాను. తర్వాత ఆయనే చెప్పారు. గ్రీకు పురాణాల్లో రాణిగారట. యుద్ధానికెళ్ళిన మొగుడు ఎంతకీ రాకపోతే, మళ్ళీ పెళ్ళాడమని ఊళ్ళో మగాళ్ళంతా మీద పడ్డారట. ఈ బట్ట నేత అయ్యాక చూద్దాం లెమ్మని, పగలు నేసి రాత్రి విప్పేదట. ఆ పేరులోనే నేతలో అడ్డంగా వేసే పేక నూలు ఉందన్నారు. మురిసిపోయాను. అయితే ఆవిడ మొగుడు తిరిగొచ్చాడు. మా ఆయన పోయాకే నేనిక్కడికి వచ్చింది.

మొన్న మా మనవరాలు, "అమ్మమ్మా, ఆ పేరుకి బాతు అనే అర్థం కూడా చెబుతారు" అంది. (నవ్వులు) నవ్వండి, నా నడకా అంతేగా! పసిపిల్లప్పుడు ఆవిణ్ణి సముద్రంలో పారేస్తే బాతులు ఒడ్డుకు చేర్చాయట. పండితులు ఏ అర్థం ఖాయమో ఇంకా తేల్చలేదట. నేను తేల్చేసుకున్నాను. విప్పినవాళ్ళే పక్కన కూర్చుని మళ్ళీ కుట్టించాలని మన గది కట్టుబాటు కదా! అలా మీ పక్కన కూర్చోబట్టే బతికి బట్టకట్టాను. నన్ను తిట్టారు, తిడుతూనే మీ అన్నం డబ్బాలో సగం నాకు పెట్టారు. మునిగిపోయేదాన్ని ఒడ్డుకు లాగిన బాతులు మీరే.

ఇక, వెనక తలుపు దగ్గర మూతి ముడుచుకుని నిలబడ్డ, మిషన్ని పరుగెత్తిస్తుందని మనం పేరు పెట్టుకున్న మన రైలుబండికి ఒక మాట. పోయిన వారం నువ్వు కుట్టిన గుడారం మొత్తం విప్పానని అలిగి, నా తర్వాత కుట్లు తనిఖీ చేసే పని నీదంటే, "నీ కుర్చీ నాకొద్దక్కా, అందరి నోళ్ళలో నేను పడలేను" అన్నావు. నువ్వు కాదంటే నాకు ఇంటికి వెళ్ళబుద్ధి కాదే. నీ చెయ్యి తొందరే గానీ, కన్ను నాకన్నా నిక్కచ్చి. అందరూ కలిసి నాకిచ్చిన ఈ సంచి పిడి వంకర పోయింది. కుట్టింది నువ్వేనని చూడగానే తెలిసింది. (నవ్వులు) ఈసారి నేను విప్పను. ఇదిగో కత్తెర, నువ్వే విప్పు. విప్పాక నా కుర్చీలో కూర్చుని నాచేత కుట్టించు. కుట్టు తప్పితే నన్నూ తిట్టు.

అదిగో, వస్తోంది! (చప్పట్లు) తమ్ముడూ, ఆ మిషన్ మీంచి దిగు. అందరికీ పేరు పేరునా కృతజ్ఞతలు. ఈ ఒక్క పిడీ సరిచేశాక, సెలవు.