నాలుగింటికి సాక్ష్యం

హలో… అవ్, నేనే.

నేనే రా జయా, అక్కను. గొంతుకేం కాలే, మంచిగనే ఉన్నది. చెప్పు.

…

చూసినవా నువ్వు గూడ?… ఎవరు పంపిన్రు?… మీ గోడౌన్ల అందరికి తెలిసిందా? సరే. తెల్వనీ.

అవ్. కొత్త లిస్టుల నా పేరు లేదు.

… మంచిగనే చూసిన. పదకొండు గంటలకు పెట్టిన్రు, గప్పటి సంది చూస్తనే ఉన్న. హాల్ టికెట్ నంబర్ కొట్టి చూసిన, పేరు కొట్టి చూసిన. రూత్ అని ఇద్దరున్నరు. గా ఇద్దర్ల నేను లేను.

… ఏం జేస్తం? రెండు ప్రశ్నల జవాబులు తప్పని ఎవరో కేసేసిన్రు గద. జవాబులు మార్చిన్రు. నాకు రెండు మార్కులు పోయినయ్, గంతే. మొన్న లిస్టుల ఉన్నోళ్లు కొందరు బయటికి, బయటున్నోళ్లు కొందరు లోపలికి. మొన్నటిదాక హాస్టల్ వార్డెన్ రూత్, ఇప్పుడు ఉత్త రూత్.

… ఏడుస్తలేను. నిజంగ. గంపెడు ఉల్లిగడ్డ ముందట పెట్టుకొని కోస్తున్న, దానికి గూడ నీళ్లొస్తలేవు. భాగ్య అత్త అడుగుతుంది, నీకు కండ్లు మండుతలేవా పోరీ అని. ఏమో అత్తా, మండుతలేవు అన్న.

… అమ్మకా? ఇంక చెప్పలే.

చెప్పలే అంటే చెప్పలే, జయా. టీవీ గూడ బంద్ పెట్టిన. వీరస్వామి చిన్నబాపు పొద్దుగాల సంది టీవీ పెట్టు, టీవీ పెట్టు అంటుండు. వార్తలు లేకుంటే ఆయనకు తిన్నది అరగదు గద. డిష్ వైరు గుంజేసి, కరాబైంది అని చెప్పిన. ఇగ ఆయనే టీవీ అయిండు. కోహెడల పండ్ల మార్కెట్ ఎప్పుడొస్తది, మన్నెగూడ కాడ ప్లాట్ల రేటు లేస్తదా పడ్తదా, గా సర్కారు మంచిదా గీ సర్కారు మంచిదా… టెంటు వేసేటోళ్లు పరేషాన్.

… అవ్, టెంటు వేసిన్రు. మేకను గూడ కోసిన్రు. ఎనిమిదింటికే. మూడు గంటలు ఆగితే బతికిపోయేది అది.

… ఇప్పుడు నన్నంటవేంది, గంత జల్ది దావత్ ఎందుకు పెట్టిన్రు అని? నౌకరి ఆర్డరు చేతికి వచ్చినంక పెడదామమ్మా అన్న. ఇన్నదా? రేపు బుధవారం, శ్రమల దినాలు షురూ. ఇగ నలభై దినాలు మన చర్చి సంఘంల ఎవ్వలు మాంసం కూర ముట్టరు, ఈస్టర్ దాక దావత్ లేదు. ‘పేరు పడ్డంక ఆలస్యం చెయ్య ప్రభువా అని మొక్కిన, నలభై దినాలు ఆపితే మాట తప్పినట్టైతది’ అన్నది. నువ్వు గూడ పెట్టుండ్రి పెట్టుండ్రి అనే అన్నవ్.

… అంటలేను. నిన్ను ఏమంటలేను.

… నాలుగింటికి. పాస్టర్ అయ్యగారు జర ముందుగాలనే వస్తరు. రెండు పాటలు, ప్రార్థన, తర్వాత దేవుడు జేసిన మేలు చెప్పుకుంట అమ్మ సాక్ష్యం. గటెన్క అన్నాలు.

మూడు దినాల సంది నేర్చుకుంటుంది రా సాక్ష్యం. బోళ్లు తోముకుంట చెప్తది, కోళ్లకు గింజలేసుకుంట చెప్తది. ‘ఇరవై రెండేండ్లు ఇబ్రహీంపట్నం హాస్టల్ల పిల్లలకు వండిన. వార్డెన్ మేడమ్ ముందట చేతులు కట్టుకొని నిలవడ్డ. ఇయ్యాల నా బిడ్డ గా కుర్చీల కూసుంటది’… గా కుర్చీ కాడికి రాంగనే ఆగిపోతది. దాటి ముందుకు పోదు. మళ్ల మొదటి సంది.

…

ఏం చెప్పాలె రా? నువ్వే చెప్పు.

… అన్నం తిన్నంక చెప్పాలె అంటవ్. ఊఁ… రేపు చెప్పాలె. అవ్, నేను గూడ గదే అనుకున్న. ఒక్క దినం సంబురపడనీ, పోయేదేముందని. చీర గూడ కట్టుకున్నది అప్పుడే… పచ్చది, నువ్వు తెచ్చిందే. పిన్ను పెట్టుమని నా కాడికి వచ్చింది. పెట్టిన. చేతులు మంచిగనే పని జేస్తున్నయ్ జయా, నాకు గదే అర్థమైతలేదు. పిన్ను పెట్టిన, మసాల నూరిన, అయ్యగారి కుర్చీ తుడిచిన. ఏం అనిపిస్తలేదు. పన్ను పీకేటప్పుడు సూదిచ్చినంక మన దవడ మనది కానట్టు ఉంటది చూడు, గట్లున్నది.

… బడికా? ఎట్ల పోత మళ్ల? శనివారమే రాజీనామ ఇచ్చిన. శాలువ కప్పి పంపిన్రు. నిన్ననే కొత్త టీచర్ వచ్చింది, పిల్లలే ఫోన్ చేసి చెప్పిన్రు. మీకంటె మెల్లగ రాస్తది టీచర్ బోర్డు మీద, మాకు మంచిగున్నది అన్నరు.

… వచ్చే నోటిఫికేషన్‌కు నా వయసు దాటుతది జయా. ఇదే ఆఖరుది. నీకు తెల్వదా? అమ్మకు గూడ తెలుసు.

… నువ్వు గా ఫోన్ చూడకు. గా వార్త కింద కామెంట్లు అసలే చదవకు. నేను చదివిన, గందుకే చెప్తున్న. ఒకాయన రాసిండు, ‘మంచిగైంది, కష్టపడి చదివినోళ్లకు న్యాయం జరిగింది’ అని. మరి నేనేం జేసిన ఆరేండ్లు? ఇంకొకామె నవ్వే బొమ్మ పెట్టింది.

… తిట్టకు. తిట్టకు రా, ఆగు జర.

మూడేండ్ల కింద ఇంకో నౌకరి లిస్టు ఇట్లనే మారింది, యాదికున్నదా? దాంతోని నాకేం సంబంధం లేకుండె. బస్సుల కిటికీ కాడ సీటు దొరికింది, చేతుల ఫోనున్నది. నేను గూడ రాసిన. ‘మంచి పని జేసిన్రు’ అని. గప్పుడు గూడ ఎవరిదో పేరు పోయింది గద. వాళ్లింట్ల ఏమైందో నాకేం తెలుసు? రాసిన, స్టేజి రాంగనే దిగి పోయిన. ఇయ్యాల నా పేరు తీసి ఎవరి పేరు పెట్టిన్రో. గామె ఇంట్ల గూడ ఒక అమ్మ ఉంటది.

… ఏమో. కోపం గూడ వస్తలేదు.

ఆఁ అమ్మా!… జయపాల్ తోని!… వస్తుండట, తొవ్వల ఉన్నడట!

చూసినవా. నువ్వు జల్‌పల్లి గోడౌన్ల కూసొని ఉన్నవ్, తొవ్వల ఉన్నడని చెప్పిన. ఎంత సులువుగ వచ్చింది నోటికి అబద్ధం.

అమ్మకు రాదు జయా గట్ల.

… లేదు, నీకు తెల్వదు. నువ్వు చిన్నగున్నవ్ గప్పుడు, నేను ఏడో తరగతి. బాపు మంచానికి పడ్డడు, ఇంట్ల గింజ లేదు. హాస్టల్ బియ్యం దోసెడు కొంగుల కట్టుకొని తెచ్చింది అమ్మ. ఒక్కసారే. గా ఆదివారం సంఘంల లేచి నిలవడి చెప్పేసింది, నేను దొంగతనం జేసిన అని. ఎవ్వలడిగిన్రు? ఎవ్వలడగలే. రెండు నెలలు పనిలకెల్లి తీసేసిన్రు. గంజి తాగినం మనం. నాకు ఎంత కోపమొచ్చిందో. ఎందుకు చెప్పినవ్ అమ్మా అని కొట్లాడిన. ‘సాక్ష్యంల అబద్ధం ఆడొద్దు బిడ్డా, గది మనుషులకు చెప్పేది కాదు’ అన్నది.

గసోంటి మనిషిని నాలుగింటికి అందరి ముందట నిలవెట్టి, లేని నౌకరి ఉన్నదని చెప్పియ్యాల్నా? తెలిసి తెలిసి? పక్కన కూసొని ఆమెన్ అనాల్నా నేను?

… రేపు తెల్వకుంట ఉంటదా? నౌకరి పోయిందంటే ఓర్చుకుంటది. నాతోని దేవుని ముందట అబద్ధం ఆడిచ్చినవ్ అంటే ఏం చెప్పాలె నేను?

… లేదు జయా. మనకు చెప్పనీకి భయమై, ఆమె సంబురం ఆమె సంబురం అంటున్నం.

… నాకు గూడ ఉన్నది పానం. నేనేం బండరాయిని కాదు.

… సరే. నువ్వు లైన్ల ఉండు. పెట్టెయ్యకు. ఏం మాట్లాడకు, ఊకె ఉండు. నాకు ఒక్కదానికి ధైర్యం సాలదు.

అమ్మా!… అమ్మా, జర గీడికి రా.… పాయసం భాగ్య అత్త చూస్తది. మాడితే మాడనీ. రా.… ఎవ్వలకేం కాలే. తమ్ముడు మంచిగున్నడు, లైన్ల ఉన్నడు. కూసో.

కూసో అమ్మా.

నౌకరి పోయింది.

… నాదే.… కొత్త లిస్టు పెట్టిన్రు, అండ్ల నా పేరు తీసేసిన్రు.… లేదమ్మా, మళ్ల పెట్టరు.… చూసిన. మస్తు సార్లు చూసిన.… నేనేం తప్పు చెయ్యలే. రెండు ప్రశ్నలు, గంతే.… పదకొండు గంటలకే తెలుసు. చెప్పనీకి నోరు రాలే.… అవ్. పిన్ను పెట్టేటప్పుడు గూడ తెలుసు.

…

అమ్మా. 

…

జయా, ఉన్నవా? అమ్మ నా ముందటి కత్తిపీట తీసి అవతల పెట్టింది. నా చేతులు తుడుస్తుంది, కొత్త చీర కొంగుతోని.… వద్దమ్మా, మరకైతది.… ఇంటలేదు.

… నువ్వు ఏడ్వకు రా. గోడౌన్ల అందరు చూస్తరు.

అయ్యగారు వచ్చినట్టున్నరు. బండి చప్పుడైంది.

ఏందమ్మా?… అందర్ని పంపియ్యాల్నా?… మరి?… ఆఁ.

అన్నం పెట్టి పంపుదాం అంటుంది. వచ్చినోళ్లను ఆకలితోని పంపొద్దట.… సాక్ష్యం గూడ చెప్తదట.… ఏం చెప్తవమ్మా?…

నౌకరి రాలేదని చెప్తదట, జయా. ‘పిలిచింది నేను, నేనే చెప్త. నువ్వు లోపల కూసో, నిన్ను ఎవ్వల్ని ఒక్క మాట అననియ్య’ అంటుంది.

… లేచింది. పోతుంది టెంటు దిక్కు. సంఘపోళ్లందరు వచ్చి కూసున్నరు. చిన్నబాపు నవ్వుకుంట లేచి కుర్చీ ఇస్తుండు, ఆయనకు ఇంక తెల్వదు. అయ్యగారి చెవుల ఏదో చెప్పింది. అయ్యగారు నా దిక్కు చూస్తున్నరు.… మైకు తీసుకున్నది. 

… నేను లోపల ఎట్ల కూసుంట?

… భయమైతుంది రా. మస్తు భయమైతుంది. పొద్దుగాల సంది ఏం అనిపియ్యలే, ఇప్పుడే అనిపిస్తుంది.

… పెట్టేస్తున్న. ఒక్కతె నిలవడ్డది. పోయి పక్కన నిలవడ్త.